మొదట వేసిన నల్లచేప

సముద్రపు చేపల తొట్టిలో ఆఖరున వేయాల్సిన చేపను అన్నిటికంటే ముందు వేసినవాణ్ణి నేను. తెలియక చేసిన పని కాదు, తెలిసే చేశాను. నాచారంలో నా దుకాణానికి వచ్చేవాళ్ళు ఇప్పటికీ నన్నో పెద్ద పండితుడనుకుంటారు. "అన్నా, గీ చేపకు గా చేప పడ్తదా?" అని అడుగుతారు. నేను గడ్డం గోక్కుంటూ, ముహూర్తం పెట్టే అయ్యగారిలా కాసేపు ఆలోచించి మరీ చెబుతాను. వాళ్ళు తలలూపుతుంటే నాకు లోపల నవ్వొస్తుంది. ఒక్కోసారి ఒళ్ళు మండుతుంది కూడా.

దుకాణం పెట్టిన కొత్తలో నాకు తెలిసినవల్లా గోల్డ్‌ఫిష్, గప్పీలు. బకెట్‌లో వేసినా బతికే చేపలు. ఉప్పునీటి చేపల సంగతి నాకు నేర్పింది ఉప్పల్‌లో ఉండే ఒక పెద్దాయన. కోస్తా మనిషి, ఏదో కేంద్ర పరిశోధనశాలలో పనిచేసి రిటైరయ్యారు. వాళ్ళింట్లో తొట్టి మోటారు బాగుచేయడానికి వెళ్ళి, హాల్లో ఆయన పెట్టుకున్న నాలుగడుగుల తొట్టి చూసి నోరు తెరిచేశాను. పగడపు రాళ్ళు, వాటి మీద ఊగే మెత్తటి పగడాలు, వాటి మధ్య తిరిగే పసుపూ ఊదా రంగులు. ఆ తర్వాత పని ఉన్నా లేకున్నా వెళ్ళేవాణ్ణి. ఆయనా విసుక్కోకుండా చెప్పేవారు.

"చేపల్ని ఎంచుకోవడం ఎవడైనా చేస్తాడయ్యా," అనేవారు. "వరస ఎంచుకోవడమే అసలు పని. మెత్తటివాటిని ముందు దించు. పొగరుబోతును చివర దించు. పొగరుబోతు ముందే దిగిందా, ఆ రాళ్ళన్నీ దాని బాబుగారివే. తర్వాత నువ్వు ఏది వేసినా దానికి దొంగే."

ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని మనవాళ్ళంటారు. ఉప్పునీటి తొట్టిలో మాత్రం ముందొచ్చిన పళ్ళే వాడి. ఇంత చిన్న ముక్క నాకు బాగా అర్థమైంది. అర్థమైంది కాబట్టే నా తప్పుకు క్షమ లేదు.

నాకొక తమ్ముడున్నాడు. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. జనగామ అవతల మా ఊరి నుంచి వాణ్ణి తీసుకొచ్చి మల్లాపూర్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో పెట్టించింది నేనే. రేకులను ప్రెస్సు మిషన్ కింద పెట్టి మూతలు కొట్టే పని. పని జోరుగా సాగాలని సేటు ఆ మిషన్ ముందుండే అడ్డుకమ్మి తీయించేశాడు. ఒకరోజు మధ్యాహ్నం మావాడి కుడిచేయి అందులో పడింది. నడిమి మూడు వేళ్ళు పోయాయి. బొటనవేలూ చిటికెన వేలూ మిగిలాయి. అప్పటికి వాడికి ఇద్దరు ఆడపిల్లలు, చిన్నదానికి ఇంకా పాలపళ్ళు ఊడలేదు.

సేటు దవాఖానాకు పళ్ళబుట్టతో వచ్చాడు. మనిషి చూడ్డానికి చాలా సరదా మనిషి, భుజం మీద చెయ్యేసి మాట్లాడతాడు. "ఫికర్ జెయ్యకు బిడ్డా, నేనున్న గద. కేసులు గీసులు అని తిరగకున్రి. జీతం ఆగది," అన్నాడు. మేము కాళ్ళకు మొక్కినంత పనిచేశాం. మూడు నెలలు మావాడు గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. పని లేని జీతం ఎన్నాళ్ళొస్తుందో వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

ఆ సమయంలోనే సేటు షెడ్డు పైన కొత్త ఆఫీసు గది కట్టించుకున్నాడు. ఎవరో స్నేహితుడి ఆఫీసులో ఉప్పునీటి తొట్టి చూసొచ్చాడట, తనకు దానికంటే పెద్దది కావాలన్నాడు. నన్ను పిలిపించాడు. "ఆరు ఫీట్లది కట్టు తమ్మీ. మీ తమ్ముడే దాన్ని సూస్కుంటడు. గీ తొట్టి ఉన్నన్ని రోజులు వాడు గీడ ఉంటడు. సరేనా?" అన్నాడు. ఆ మాటతో నా తమ్ముడి కుటుంబం మొత్తం ఆ తొట్టిలో పడింది. తొట్టి ఉంటే వాడికి బువ్వ, లేకపోతే లేదు.

మందపాటి అద్దాలు నేనే దగ్గరుండి కోయించి అతికించాను. రాళ్ళు పేర్చాను, నీళ్ళు చల్లబరిచే మిషన్ పెట్టాను. నీళ్ళలో ఉప్పు కలిపి, రాళ్ళకు మంచి సూక్ష్మజీవులు పట్టేదాకా ఆరు వారాలు ఖాళీ తొట్టిని నడిపించాం. ఆ ఆరు వారాల్లో తమ్ముడు మిగిలిన రెండు వేళ్ళతో అన్నీ నేర్చుకున్నాడు. ఉప్పు ఎంతుందో చూడడం, గాజు గొట్టంలో చుక్కలు వేసి రంగు చూసి నీళ్ళు మంచివో కాదో చెప్పడం. "అన్నా, గియాల రంగు పసుపొచ్చింది, మంచిగున్నట్టే గద?" అని ఫోన్ చేసేవాడు. ప్రమాదం తర్వాత వాడి గొంతులో ఉత్సాహం వినడం అదే మొదటిసారి.

అప్పుడు దిగాడు వాస్తు ఆయన. సేటు కొత్తగా ఏది కొన్నా ఆయన రావాల్సిందే. ఈశాన్యంలో నీళ్ళు మంచిదన్నాడు, బాగుంది. తొమ్మిది చేపలుండాలన్నాడు, అదీ బాగానే ఉంది. అందులో ఒకటి నల్లది కావాలి, దిష్టి లాక్కోవడానికి అన్నాడు. "ఆ నల్లది ముందు దిగాలె. దిష్టి గుమ్మడికాయ కట్టకుంట కొత్తింట్ల అడుగు వెడ్తమా? గిది గూడ గట్లనే," అన్నాడు. సేటు చేతులు జోడించాడు. ముహూర్తం మూడు రోజుల్లో.

నల్లవాటిలో మెత్తటి చేప లేకపోలేదు. క్లౌన్‌ఫిష్‌లో నలుపూ తెలుపూ చారలది ఉంటుంది, ఎవరి జోలికీ పోదు. అది చెన్నై నుంచి రావడానికి పది రోజులు పడుతుందన్నారు. అప్పటికప్పుడు సిటీలో దొరికింది డామినో ఒక్కటే. నల్లటి ఒంటి మీద మూడు తెల్లచుక్కలు, బొటనవేలి గోరంత పిల్ల. ఫోన్‌లో ఫోటో చూపిస్తే వాస్తు ఆయన మురిసిపోయాడు. "సూసిన్రా, దేవుడే బొట్లు వెట్టి పంపిండు!" అన్నాడు.

నేను ఒక్కసారి నోరు తెరిచాను. "సార్, గిది పెరిగితే మస్తు కొడ్తది. దీన్ని లాస్టుకు ఏద్దాం," అన్నాను.

సేటు నవ్వుతూనే నా వైపు తిరిగాడు. "ఏంది తమ్మీ, శాస్త్రం నీకెరుకనా, ఆయనకెరుకనా?" అన్నాడు. తర్వాత గోడవారన నిలబడ్డ నా తమ్ముడి వైపు ఓసారి చూశాడు. నేను గంగిరెద్దులా తలూపాను. గోరంత పిల్లే కదా, నెలరోజులయ్యాక వలేసి తీసేద్దాంలే అనుకున్నాను. ముహూర్తానికి కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చి, ఆ నల్లదాన్ని అంత పెద్ద తొట్టిలోకి ఒంటరిగా వదిలాం. ఫోన్‌లో ఉప్పల్ పెద్దాయనకు చెప్పాను. "వేసేశావా? ఇక దాన్ని తీయాలంటే ఆ రాళ్ళ గుట్టంతా కూల్చాలి. చేతులు కాలాక ఫోన్ చేస్తే నేనేం చేస్తానయ్యా," అని పెట్టేశారు.

నెల తర్వాత మూడు కార్డినల్ చేపలు వేశాం. వెండి ఒళ్ళు, నల్లచారలు, చాలా నెమ్మదైనవి. రెండో రోజుకు మూడూ పోయాయి. తోకలు చీలికలు పీలికలుగా చేసి, మూలకు తోసి, మేతకు రానివ్వకుండా చంపింది అది. తర్వాత వేసిన గోబీ అనే చేప, భయానికి తొట్టిలోంచి ఎగిరి కార్పెట్ మీద పడి ఎండిపోయింది. పొద్దున ఊడుస్తుంటే తమ్ముడి చీపురుకు తగిలింది. సేటుకు అప్పటికి ఏం జరుగుతోందో అర్థం కాలేదు. చేపలు చస్తున్నాయంటే చూసేవాడి తప్పే అనుకున్నాడు. నలుగురి ముందూ మావాడిని నిలబెట్టి, "వేళ్ళే పోయినయ్ అనుకున్న, కండ్లు గూడ పోయినయా నీకు?" అన్నాడు.

మావాడు ఆ రోజు సాయంత్రం నా దుకాణానికొచ్చి, "అన్నా, ఇంకో రెండు సచ్చినయంటే నన్ను ఎల్లగొడ్తడు," అన్నాడు. వాడికి తెలిసిన ఉపాయాలన్నీ చేశాడు. కొత్తవాటిని చిల్లుల ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి తొట్టిలోనే వేలాడదీశాడు, వారం రోజులు చూసి చూసి నల్లది అలవాటు పడుతుందేమోనని. అది ఆ వారం రోజులూ డబ్బాను పొడుస్తూనే ఉంది. నేను సీసా కోసి రొయ్యముక్క పెట్టి ఉచ్చు కట్టాను. అది లోపలికి రాకుండా మూతి దగ్గరే నిలబడి నన్ను చూసింది. దాని బుద్ధి ముందు నా బుద్ధి ఎంత.

ఇలా ఉండగా ఒక శనివారం నాలుగు గంటలకు, చాయ్ తాగుతూ సేటు మొదటిసారి కళ్ళారా చూశాడు. నేను అరచేయంత పసుపు టాంగ్ చేప తెచ్చాను. పెద్దది కదా, తట్టుకుంటుందని నా ఆశ. అప్పటికి డామినో నా చూపుడువేలంత అయింది. టాంగ్ నీళ్ళలో దిగిన మరుక్షణం అది రాయి వెనకనుంచి వచ్చి కంటి మీద పొడిచింది. టాంగ్ తిరగబడలేదు, పారిపోయింది. ఆరడుగుల తొట్టిలో ఎంత దూరమని పారిపోతుంది? అరగంట సేపు తరిమి తరిమి పొడిచింది. సేటు ఎవరితోనో ఫోన్‌లో ఉన్నవాడు, "జర ఆగు, మళ్ళ జేస్త," అని పెట్టేశాడు. కుర్చీ తొట్టి దగ్గరకు జరుపుకున్నాడు. చాయ్ మీద మీగడ కట్టింది.

"అబ్బో! గింతున్నది, గంత పెద్దదాన్ని సంపింది! పహిల్వాన్ రా వీడు!" అన్నాడు. ఆ రోజునుంచి దాని పేరు పహిల్వాన్.

మర్నాటి నుంచి నా తమ్ముడిని ఎవరూ తిట్టలేదు. ప్రతి శనివారం నాలుగింటికి సేటు స్నేహితులు ముగ్గురు నలుగురు వచ్చేవాళ్ళు. మిర్చీబజ్జీలు, చాయ్. నేను కొత్త చేప తేవాలి. అది ఎన్ని నిమిషాలు ఆగుతుందో వాళ్ళు పందెం వేసుకునేవాళ్ళు. మరీ తొందరగా చచ్చేది తెస్తే సేటు మొహం చిన్నబుచ్చుకునేవాడు. అందుకని నేను కాస్త ఒళ్ళు గట్టివి, ఈత జోరుగలవి ఏరి తెచ్చేవాణ్ణి. ఏ చేప ఏ చేపతో బతుకుతుందో నేర్చుకున్న విద్యంతా, ఏ చేప ఎంతసేపటికి చస్తుందో లెక్కగట్టడానికి పనికొచ్చింది. అబద్ధమెందుకు, ఆ లెక్క నాకు బాగానే వచ్చేది. నేను చెప్పిన నిమిషాలు ఇంచుమించు సరిపోతుంటే లోపల కాస్త గర్వంగా కూడా ఉండేది.

సంచీ విప్పి చేపను వదలాల్సింది నా తమ్ముడే. "వాని చెయ్యి మంచిది," అనేవాడు సేటు. ఒక శనివారం వాడు సంచీ ముడి విప్పుతుంటే, "జాగర్తరా, పహిల్వాన్ నోట్లె చెయ్యి వెట్టకు. ఇంక రెండే ఉన్నయ్ నీకు!" అన్నాడు. స్నేహితులు పొట్టలు పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. తమ్ముడు తల ఎత్తి మిగతా ఎవరినీ చూడలేదు, నన్ను చూశాడు.

కింద మోటార్ల గదిలో వాడు ఆ రోజు గోడకు తల ఆనించి ఏడ్చాడు. "అన్నా, పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటరు సూడు, గట్లుంది నా బతుకు. చేపలను సూస్కునే పని అంటే సరే అన్న. గిది గాదన్నా. దాన్ని తీసెయ్," అన్నాడు.

"నోరు మూస్కో," అన్నాను నేను. "గా చేత్తోని నీకు ఇంకెవడిస్తడ్రా పని?"

నా నోట్లో మన్ను పడ. ఆ మాట సేటు అన్నా ఇంత బాధగా ఉండేది కాదు వాడికి.

ఆ తర్వాత సేటుకు మోకాలి మార్పిడి ఆపరేషన్ అయింది. రెండు నెలలు ఆఫీసుకు రాడన్నారు. మొదటి ఆదివారమే నేనూ తమ్ముడూ తొట్టి దగ్గర చేరాం. నీళ్ళు సగం డ్రమ్ముల్లోకి తోడాం. రాళ్ళు ఒక్కొక్కటే తీసి తడిగుడ్డ కప్పిన టబ్బుల్లో పెట్టాం. పొద్దున తొమ్మిదికి మొదలుపెడితే, చివరి రాయి తీసేసరికి మధ్యాహ్నం రెండయింది. దాక్కోవడానికి ఏమీ మిగలక అది మూలకు నక్కింది. చూపుడువేలంత చేప, దాని కోసం ఇంత పని. వలేసి ఎత్తాను.

దాన్ని ఇంకో తొట్టిలో ఒంటరిగా పెట్టి బతికించొచ్చు. నా దుకాణంలో ఖాళీ తొట్టి ఉంది కూడా. పెట్టలేదు. సిమెంటు నేల మీద వదిలేశాను. అది ఎగిరెగిరి పడుతుంటే ఇద్దరం నిలబడి చూశాం. ఎంతసేపు ఆగుతుందో నేను గడియారం చూశాను, అలవాటైపోయి. దాని తప్పేముంది, దాన్ని ముందు దింపింది నేను. ఆ సంగతి నాకు అప్పుడూ తెలుసు.

ఇక ఆ రెండు నెలలు నా జీవితంలో నేను సక్కగా చేసిన పని. వరస ప్రకారం వెళ్ళాం. ముందు మూడు కార్డినల్‌లు. వాటికి భయం తీరాక క్లౌన్‌ఫిష్ జంట, ఒకటి నారింజ, ఒకటి నలుపు. ఆ తర్వాత ఊదా పసుపుల గ్రామా చేప, ఇసుక జల్లెడ పట్టే గోబీ, రాళ్ళ మీద నాచు గీరుకుని తినే బ్లెన్నీ. అన్నీ కుదురుకున్నాక చిట్టచివర పసుపు టాంగ్. వాస్తు ఆయన చెప్పినట్టే తొమ్మిది, అందులో ఒకటి నల్లది. రాళ్ళ మీద మేము అతికించిన పగడాలు విచ్చుకున్నాయి. తమ్ముడు మేత వేస్తే తొమ్మిదీ వాడి రెండు వేళ్ళ దగ్గరకే వచ్చేవి.

ఒకరోజు వాడు కంగారుగా ఫోన్ చేశాడు. "అన్నా, ఒక కార్డినల్ మూడొద్దులసంది తింటలేదు. నోరు గట్టిగ మూసుకున్నది, గదుమ ఉబ్బింది. రోగమా ఏంది?" అన్నాడు. నాకూ తెలియక ఉప్పల్ పెద్దాయనను అడిగాను. ఆయన గట్టిగా నవ్వారు. "రోగం కాదయ్యా, అది తండ్రి! గుడ్లను నోట్లో మోస్తోంది. పిల్లలయ్యేదాకా, మూడు నాలుగు వారాలు ఏమీ తినదు. తొట్టి బాగుంటేనే అలా చేస్తాయి. శభాష్," అన్నారు. ఆ మాట తమ్ముడికి చెప్పాను. మర్నాడు ఆదివారం పెళ్ళాం పిల్లల్ని తీసుకెళ్ళి చూపించాడు. అద్దానికి ముక్కు ఆనించి చిన్నది, "నాయినా, గీ నాయిన బువ్వ తినడా?" అని అడిగిందట.

సేటు చేతికర్రతో తిరిగొచ్చాడు. కుర్చీలో కూర్చోగానే, "మా పహిల్వాన్ ఏడిరా?" అన్నాడు.

"సచ్చిపోయిండు సార్," అన్నాడు తమ్ముడు.

"అయ్యో!" అన్నాడు సేటు. నిజంగానే బాధపడ్డాడు. తర్వాత కళ్ళద్దాలు సర్దుకుని కొత్త చేపలను చూశాడు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. చాయ్ అయిపోయింది.

"ఇప్పుడేమైతది?" అని అడిగాడు.

"ఏం కాదు సార్. గిట్లనే తిరుగుతయ్."

"రోజంతనా?"

"రోజంత సార్. అన్నీ కలిసుంటయ్," అన్నాడు తమ్ముడు, పెద్ద శుభవార్త చెబుతున్నట్టు.

సేటు కర్ర అందుకుని లేచాడు. సోమవారం నన్ను పిలిపించాడు. "తమ్మీ, గా తొట్టి తీసెయ్. గాడ సోఫా వేయిస్త. ఊకె కరెంటు తింటున్నది," అన్నాడు. మరి తమ్ముడి సంగతేమిటని అడిగాను. "సూద్దాం తియ్. ఊళ్ళె ఏదన్న చూస్కోమను. ఒంటి చేతోనికి నేను మాత్రం ఎన్నొద్దులని ఇస్త?" అన్నాడు. ఊళ్ళో మాకు గుంటెడు భూమి లేదు. చేతులు జోడించాను. ఆయన అప్పటికే వేరే కాగితం చూసుకుంటున్నాడు.

అప్పుడు నేనే అన్నాను. ఎవరూ అడగలేదు. "సార్, ఒక్క శనివారం ఆగున్రి. పహిల్వాన్‌కు తాతను తెస్తా."

సేటు కాగితం కింద పెట్టాడు. "నిజమా?" అన్నాడు, చిన్నపిల్లాడిలా. "అయితే అన్ని గట్లనే ఉండనియ్యి. ఒక్కటి గూడ తియ్యకు. ఖాళీ తొట్టిల ఏం మజా?"

తమ్ముడికి చెప్పాను. వాడు స్టూలు మీద కూర్చుని విన్నాడు. నన్ను తిట్టలేదు, వద్దనలేదు. తొట్టి పోతే ఏమవుతుందో వాడికి నేను వేరే చెప్పాలా? "పిల్లలు బయటికొచ్చేదాంక ఆగరాదే? ఇంక పది రోజులే ఉండె," అన్నాడు.

"శనివారమని మాటిచ్చిన గదరా," అన్నాను. కార్డినల్‌ను తప్పించి దుకాణానికి తీసుకుపోదామా అనుకున్నాం కానీ, వలేస్తే భయానికి గుడ్లు ఉమ్మేస్తుంది. పైగా సేటు తొమ్మిదీ లెక్కబెట్టుకున్నాడు.

నేను తెచ్చింది జానెడు ట్రిగ్గర్ చేప. కొబ్బరి చిప్ప కూడా కొరికేటట్టుండే పళ్ళు. చేపలు పెంచేవాళ్ళెవరూ పగడాల తొట్టిలో దాన్ని ఏ వరసలోనూ వేయరు, ముందూ వేయరు, చివరా వేయరు. దుకాణంలో మూడు రోజులు మేత వేయకుండా ఉంచాను. శనివారం నాలుగింటికి స్నేహితులంతా వచ్చారు. తమ్ముడు సంచీ ముడి విప్పాడు.

తొమ్మిదీ కొత్త చేపను చూడడానికి అన్నట్టు ముందుకొచ్చాయి. మేము వాటికి భయం నేర్పలేదు కదా. మొదట క్లౌన్‌ఫిష్ నల్లది పోయింది, సగానికి సగం. నీళ్ళు మసకబారాయి. గుడ్లు మోస్తున్న కార్డినల్ రాయి సందులోకి దూరింది. ట్రిగ్గర్ దాన్ని తోక పట్టి బయటికి లాగింది. తోక పోయింది, పక్కరెక్క పోయింది. అది నోరు మాత్రం తెరవలేదు. తల ఒక్కటే మిగిలినప్పుడు కూడా దవడలు బిగించే ఉన్నాయి, తర్వాత ఆ తల కూడా కరకరమంది. సేటు స్నేహితుడొకడు, "హమ్మా!" అని బజ్జీ పక్కన పెట్టేశాడు. సేటు మాత్రం లేచి, కర్ర చంకలో పెట్టుకుని మరీ చప్పట్లు కొట్టాడు.

"శభాష్ బిడ్డా!" అని నా తమ్ముడి భుజం తట్టాడు. "నువ్వు యాడికి పోవద్దు. గీడనే ఉండు."

తమ్ముడు దండం పెట్టాడు, ఆ చేతితోనే. నవ్వాడు కూడా. నేను బండి తీసి నాచారం వచ్చేశాను. తర్వాత మూడు వారాలు వాడు నా దుకాణానికి రాలేదు, ఫోన్ ఎత్తలేదు. మరదలికి చేస్తే, "బాగనే ఉన్నడు బావా, జీతం గూడ పెంచిన్రు," అంది.

నాలుగో వారం వాడే చేశాడు. హలో అనలేదు. గొంతు మామూలుగా, సరుకు చెప్పేవాడి గొంతులా ఉంది.

"అన్నా, తొట్టి ఖాళీ అయింది. ఈపాలి జర పెద్దయి తే. చిన్నయైతే సార్ చాయ్ తాగే లోపటనే అయిపోతున్నయ్."

ఎన్ని కావాలని అడిగాను.